పోలిక ప్రశ్నలు విప్పడం: ముందు లంకె, తర్వాతే ఆప్షన్లు

కమ్మరి : ఇనుము :: కుమ్మరి : ?
కుండ, సారె, మట్టి, ఆవం

నాలుగూ కుమ్మరి పనిలో కనిపించేవే. కుమ్మరి అనగానే ముందు మనసులో మెదిలేది కుండ కాబట్టి చాలామంది చెయ్యి దాని మీదకే పోతుంది. కానీ కుమ్మరికి బాగా దగ్గరి మాట ఏదని ప్రశ్న అడగడం లేదు. కమ్మరికి ఇనుము ఎలాగో, కుమ్మరికి ఏది అలాగ అని అడుగుతోంది. రెండు చుక్కలు కనబడితే ‘కి’ అనీ, నాలుగు చుక్కలు కనబడితే ‘ఎలాగో, అలాగే’ అనీ పైకి చదవండి. ప్రశ్న అసలు రూపం అప్పుడే బయటపడుతుంది.

లంకె వాక్యం

ఆప్షన్లను అరచేత్తో మూసేయండి. మొదటి జతలోని రెండు మాటలూ వచ్చేలా ఒక చిన్న వాక్యం చెప్పుకోండి. దాన్ని లంకె వాక్యం అందాం. అది తయారయ్యే దాకా ఆప్షన్లు చూడకూడదు. ముందే చూస్తే, నచ్చిన ఆప్షనుకు సరిపోయేలా వాక్యాన్ని మనకు తెలియకుండానే వంచేస్తాం.

పై ప్రశ్నకు ముందుగా తట్టేది ‘కమ్మరి ఇనుముతో పనిచేస్తాడు’ అన్న వాక్యం. ఇందులో రెండో జతను పెట్టి చూడండి. కుమ్మరి మట్టితో పనిచేస్తాడు, సరే. సారెతోనూ పనిచేస్తాడు కదా! రెండు ఆప్షన్లు ఇమిడాయంటే వాక్యం మరీ వదులుగా ఉందన్నమాట.

పోనీ అని బాగా బిగిద్దాం. ‘కమ్మరి ఇనుమును కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి పనిముట్లు చేస్తాడు.’ ఇప్పుడు ఒక్కటీ ఇమడదు. మట్టిని సమ్మెటతో సాగగొట్టరు. ఇది మరీ బిగుతు.

మధ్యస్థంగా చెబితే: ‘కమ్మరి వస్తువులు తయారుచేసే ముడిసరుకు ఇనుము.’ కుండ తయారయ్యే వస్తువు, సారె పనిముట్టు, ఆవం కాల్చే చోటు. ముడిసరుకు మట్టి ఒక్కటే.

పద్ధతంతా ఇంతే. రెండు ఆప్షన్లు మిగిలితే బిగించాలి, ఒక్కటీ మిగలకపోతే వదులు చేయాలి. బిగించేటప్పుడు ఒక్కసారికి ఒక్క వివరమే చేర్చండి: దేనికోసం, దేనితో, ఎక్కడ, ఎంత మోతాదులో. మూడు వివరాలు ఒకేసారి కుక్కితే ఏది అడ్డుపడిందో తెలియదు. ‘సంబంధం ఉంది’, ‘కలిసి ఉంటాయి’ లాంటి మాటలు లంకె వాక్యంలోకి రానివ్వకండి. వాటిలో ఏ జతైనా పట్టేస్తుంది.

దగ్గరి మాట లాగేసే చోటు

మూడో మాటకు బాగా అలవాటైన తోడు మాట ఆప్షన్లలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. పై ప్రశ్నలో కుండ అలాంటిదే. ఈ లాగుడు మనుషులకే పరిమితం కాదు. 2013లో గూగుల్ పరిశోధకులు తెచ్చిన వర్డ్‌టువెక్ అనే కంప్యూటర్ పద్ధతిలో మాటలు అంకెల వరుసలుగా మారతాయి. ‘రాజు’ అంకెల్లోంచి ‘పురుషుడు’ అంకెలు తీసేసి ‘స్త్రీ’ అంకెలు కలిపితే ‘రాణి’ దగ్గరకు చేరుతుందన్న ఉదాహరణ అప్పుడే ప్రసిద్ధమైంది. ఆ లెక్కలో ప్రశ్నలోని మాటలను, అంటే రాజు, పురుషుడు, స్త్రీలను, జవాబుల జాబితా నుంచి ముందే తీసేస్తారు. తీయకపోతే చాలాసార్లు ప్రశ్నలోని మాటే జవాబుగా తిరిగొస్తుంది. దగ్గరితనం, లంకె ఒకటి కావని ఇంతకన్నా స్పష్టంగా చూపేది మరొకటి లేదు.

వరుస, మోతాదు

చిరాకు : ఆగ్రహం అన్న జతకు సరిజోడు వెతకమన్నారు. ఆప్షన్లు మూడు: హడలు : జంకు, దిగులు : శోకం, నవ్వు : ఏడుపు.

‘ఒకే భావం, మోతాదు తేడా’ అనుకుంటే మొదటి రెండూ సరిపోతాయి. కానీ చిరాకు ముదిరితే ఆగ్రహం. ముందు తక్కువ, తర్వాత ఎక్కువ. హడలు : జంకులో వరుస తిరగబడింది. కాబట్టి దిగులు : శోకం. లంకె వాక్యంలో రెండు మాటలూ ప్రశ్నలో ఉన్న వరుసలోనే రావాలి. తిప్పి చెబితేగానీ వాక్యం కుదరకపోతే, రెండో జతనూ అలాగే తిప్పి చదవాలి. లంకె సరిగ్గా పట్టినవాళ్లు కూడా తప్పు పెట్టేది ఎక్కువగా ఇక్కడే.

భాగం–మొత్తం జతల్లోనూ ఇలాంటి మెలిక ఉంది. పుట : పుస్తకం అన్నప్పుడు ‘పుస్తకంలో భాగం పుట’ చాలదు. ఒకేలాంటి పుటలు వరుసగా చేరితే పుస్తకం అవుతుంది. మెట్టు : నిచ్చెన దానికి సరిపోతుంది, పిడి : కత్తి సరిపోదు.

రెండర్థాల మాటలు

తెలుగులో రాసిన ప్రశ్నల్లో ఎదురయ్యే చిక్కు ఇది. నామవాచకం, క్రియ ఒకే అక్షరాలతో ఉండే మాటలు మనకు చాలా ఉన్నాయి: కాలు, పండు, తేలు, ఆరు, పాడు, కుట్టు.

తేలు : మునుగు :: ఆరు : ?
ఏడు, ఎండు, తడియు, పన్నెండు

‘తేలు’ దగ్గరే ఆగితే పురుగు కనిపిస్తుంది. పక్కన ‘మునుగు’ ఉంది కాబట్టి ఇక్కడది నీటి మీద తేలడం. క్రియకు వ్యతిరేక క్రియ. అంటే ఆరు కూడా అంకె కాదు, బట్ట ఆరడం. జవాబు తడియు. ఎండు అనేది ఆరుకు సమానార్థకం, లంకె వాక్యం మరిచిపోయినవాళ్ల కోసం పెట్టింది. మొదటి జతలో ‘మునుగు’ బదులు ‘కొండి’ ఉండుంటే కథ వేరేగా ఉండేది. మాటకు అర్థం నిర్ణయించేది దాని జతే. మొదటి జతలో రెండు క్రియలుంటే రెండో జతలోనూ రెండు క్రియలే ఉండాలి. ఈ ఒక్క తనిఖీతో ఒకటి రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి.

అర్థం కాదు, రూపం

అగ్ని : అగ్గి :: ముఖం : ?
వదనం, మొగం, ఆననం, నుదురు

‘రెండూ ఒకే అర్థం’ అన్న వాక్యానికి మూడు ఆప్షన్లు ఇమిడాయి. ఇలా ఒకే అర్థం ఉన్న మాటలు గుంపుగా కనబడితే లంకె అర్థంలో లేదనీ, మాట రూపంలో ఉందనీ అనుమానించాలి. అగ్నికి వికృతి అగ్గి, ముఖానికి వికృతి మొగం. విద్య–విద్దె, భక్తి–బత్తి, పుస్తకం–పొత్తం కూడా ఈ కోవలోవే. ఏకవచనం–బహువచనం, పుంలింగం–స్త్రీలింగం జతలు తేలికే, వాటి మీద సమయం పెట్టనక్కర్లేదు.

మొదటి జతలో ఏమీ దొరకకపోతే

పక్షి : చేప :: రెక్క : ?
మొప్ప, వాజం, పొలుసు, నీరు

పక్షికీ చేపకూ ఎంత వెతికినా గట్టి లంకె దొరకదు. అప్పుడు ఒకటో మాటను మూడోదానితో కలపండి. ‘పక్షి గాలిలో కదలడానికి వాడే అవయవం రెక్క.’ చేప నీటిలో కదలడానికి వాడేది వాజం. మొప్ప ఊపిరి కోసం. ఇలా అడ్డంగా చదవడం తప్పుకాదు. 2 : 4 :: 3 : 6ను 2 : 3 :: 4 : 6గా రాసినా లెక్క నిలబడినట్టే ఇదీ నిలబడుతుంది. అయితే ముందు ఒకటి–రెండు, అది కుదరకపోతేనే ఒకటి–మూడు. ఒకటి–నాలుగు మాత్రం ఎప్పుడూ కలపకండి.

మొదటి జతలో ఒక మాట అసలు తెలియకపోతే, ఆప్షన్లు జతలుగా ఇచ్చినప్పుడు వెనకనుంచి రావచ్చు. ఒక్కో ఆప్షను జతకు లంకె వాక్యం కట్టండి. ఒక మాటను నిర్వచించడానికి రెండోది అవసరమవుతుందా అని చూడండి. ఒర అంటే ఏమిటో చెప్పాలంటే కత్తి మాట రాక తప్పదు. వైద్యుడు : కారు అలాంటి జత కాదు, కొట్టేయండి. మిగిలిన వాక్యాల్లో మీకు తెలిసిన మాటను పెట్టి, ఏది మింగుడుపడుతుందో చూసుకోండి.

సాధనకు

వంద ప్రశ్నలు చేయడం కన్నా పది ప్రశ్నలు మీరే తయారుచేయడం ఎక్కువ పనిచేస్తుంది. ఒక జత తీసుకుని లంకె వాక్యం రాయండి. సరైన జవాబు పెట్టండి. తర్వాత మూడు తప్పు ఆప్షన్లు కావాలనే కట్టండి: ఒకటి మూడో మాటకు దగ్గరి తోడు, ఒకటి వరుస తిరగబడింది, ఒకటి వదులు వాక్యానికి మాత్రమే సరిపోయేది. వేరొకరికి ఇచ్చి చేయించండి. వాళ్లు మీ తప్పు ఆప్షనుకు న్యాయమైన కారణం చూపించగలిగితే మీ లంకె ఇంకా వదులుగానే ఉంది. ఒక్క వివరం చేర్చి మళ్లీ ఇవ్వండి.