దౌత్యం నుంచి సేవారంగానికి వెళ్లినవారి జీవితం రాయడం ఎలా?

చెన్నైలోని తెలుగు సంఘాల వార్షిక సంచికల కోసం ఇటువంటి వ్యక్తుల జీవితాన్ని రాయదలచినవారు, ప్రశంస మొదలుపెట్టకముందే, వారు నిర్వహించిన పదవులన్నిటినీ సంవత్సరాలతో సహా ఒక కాగితం మీద వరుసగా రాసుకోవాలి. ‘పదవి వదిలి సేవలోకి వచ్చారు’ అన్న వాక్యం చాలాసార్లు ఆ వరుస ముందు నిలవదు.

నార్వేకు చెందిన యాన్ ఎగెలాండ్‌నే చూడండి. 1957లో పుట్టిన ఆయన యువకుడిగానే మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నార్వే శాఖకు నాయకత్వం వహించారు. 1990 నుంచి 1997 వరకు విదేశాంగ శాఖలో స్టేట్ సెక్రటరీగా ఉండి, ఇజ్రాయెల్, పాలస్తీనియన్ల మధ్య 1993లో కుదిరిన ఓస్లో ఒప్పందానికి దారితీసిన రహస్య చర్చలకు తోడ్పడ్డారు. (స్టేట్ సెక్రటరీ పదవి రాజకీయ నియామకమే తప్ప వృత్తి దౌత్యాధికారి ఉద్యోగం కాదని తప్పక పేర్కొనాలి.) తరువాత నార్వే రెడ్‌క్రాస్‌లోను, 2003 నుంచి 2006 వరకు ఐక్యరాజ్యసమితి అత్యవసర సహాయ సమన్వయకర్తగాను పనిచేసి, 2013లో శరణార్థులకు సాయపడే నార్వేజియన్ రెఫ్యూజీ కౌన్సిల్ ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ బాధ్యతలో ఉండగానే 2015లో సిరియా విషయంలో సమితి దూతకు సలహాదారుగా నియమితులయ్యారు. అంటే సేవ, దౌత్యం ఆయన జీవితంలో ఒకదాని వెంట ఒకటి రాలేదు, కలిసే నడిచాయి.

ఆ రెండూ ఢీకొన్న ఘట్టాన్ని వెతికి, అక్కడ ఎక్కువసేపు ఆగండి. 2004 డిసెంబరు 26న సునామీ మెరీనా నుంచి నాగపట్నం దాకా మన తీరాన్ని కూడా ముంచెత్తింది. ఆ మర్నాడే ఎగెలాండ్, పేద దేశాలకు సాయం చేయడంలో సంపన్న దేశాలు పిసినారితనం చూపుతున్నాయన్నారు. అమెరికా అభ్యంతరం తెలిపింది. తాను సునామీ సాయం గురించి గానీ, ఏ ఒక్క దేశాన్నో ఉద్దేశించి గానీ అనలేదని ఆయన వివరణ ఇచ్చారు. ఆయన మాట, వచ్చిన అభ్యంతరం, ఇచ్చిన వివరణ, మూడింటినీ తేదీల క్రమంలో రాయాలి. ఆ మాట వల్లనే విరాళాలు పెరిగాయని మాత్రం ఆధారం లేకుండా రాయకూడదు.

పాత దినపత్రికల కోసం ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లండి. మీరు రాసేది పదవీ విరమణ చేసిన భారత దౌత్యాధికారి గురించి అయితే, 1923 నాటి అధికార రహస్యాల చట్టం దృష్ట్యా ఆయన చెప్పలేని సంగతులు కొన్ని ఉంటాయి. వాటి కోసం ఒత్తిడి చేయడం మర్యాద కాదు. అయితే ఆయన నడిపే సేవాసంస్థ జమాఖర్చులు అడగడానికి మొహమాటపడకూడదు. ఆడిట్ అయిన లెక్కలు చదివాక, సాయం అందుకున్న కుటుంబాలను ఆ సంస్థ నాయకుడు పక్కన లేనప్పుడు కలిసి, వారు చెప్పినదానిని వారి మాటల్లోనే రాసుకోండి.