చిక్కుడు పాదుకి నల్ల పేనుబంక పడితే

సంక్రాంతి రోజుల్లో మన కోనసీమ పెరళ్లలో చిక్కుడు పాదు పూతకొచ్చేసరికి చివుళ్లకీ పూగుత్తులకీ నల్ల పేనుబంక, అంటే రసం పీల్చే సన్న పురుగు, పట్టేస్తుంది. బూడిద చల్లడం అలవాటే గానీ, కాయలన్నీ మసిబారి కడుక్కోలేక చావాలి.

ముందు ట్యూబుతో నీళ్లు గట్టిగా, ఆకుల అడుగు నుంచి కొట్టండి. సగం పురుగు అక్కడే రాలిపోతుంది. బాగా పట్టేసిన చివుళ్లు తుంచి సబ్బునీళ్లలో పడేయండి. సాయంత్రం ఎండ తగ్గాక లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అర చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, సీసా ఊపుకుంటూ పిచికారీ చేయండి. నూనెలో సబ్బు ముందు కలిపి తర్వాత నీళ్లు పోస్తే తెట్టు కట్టదు. వారానికోసారి, రెండు మూడు సార్లు చాలు.

పక్కనే అలసంద గానీ మినుము గానీ ఉంటే వాటినీ చూడండి. ఈ నల్లదే వాటి మీదా బతుకుతుంది. బెండ, వంగ మీద ఎక్కువగా కనిపించే పచ్చది వేరే జాతి, అయినా ఇదే మందు పనిచేస్తుంది. చీమలు బారులు కడుతుంటే పేను అక్కడే ఉందని అర్థం, అది విసర్జించే తీపి జిగురు కోసమే వస్తాయి.

సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం ఇది కుదరదు. నురగ రాదు, నూనె విడిపోయి ఆకు మాడుతుంది. కాలవ నీళ్లు వాడండి. అక్షింతల పురుగులు (లేడీబర్డ్ బీటిల్స్) తిరుగుతుంటే మందు మానేయండి, పేనుని అవే తినేస్తాయి.