పూర్తి ఉపాధికి ప్రభుత్వం ఏది ముందు చేయాలి, ఏది తర్వాత

పూర్తి ఉపాధి అంటే నిరుద్యోగం సున్నా అని కాదు. ఒక పని మానేసి ఇంకోటి వెతుక్కునేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. 1944లో బ్రిటన్‌లో ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ కూడా సగటున 3 శాతం నిరుద్యోగాన్నే లక్ష్యంగా పెట్టాడు.

ముందుగా ఖాళీల లెక్కనూ నిరుద్యోగుల లెక్కనూ పక్కపక్కన పెట్టండి. 100 మందికి 30 ఖాళీలే ఉంటే, ఎంత శిక్షణ ఇచ్చినా 70 మంది మిగిలిపోతారు. లోటు గిరాకీలో, అంటే సరుకులూ సేవలూ కొనడంలో, ఉంది కాబట్టి వడ్డీ తగ్గించాలి, ప్రభుత్వ ఖర్చు పెంచాలి. పన్ను రాయితీ కన్నా నేరుగా కూలి చెల్లించే పనులే మేలు. రాయితీ సొమ్ములో కొంత పొదుపులోకో పాత అప్పులకో పోతుంది.

బెడిసికొట్టేది ఎక్కువగా సమయం దగ్గరే. మాంద్యం వచ్చాక భూసేకరణ, డిజైన్, టెండర్లు మొదలుపెడితే, పని మొదలయ్యేసరికి మార్కెట్ కోలుకుని ఉంటుంది. అప్పుడు ఆ ఖర్చు ధరలను ఎగదోస్తుంది. అనుమతులు పూర్తయిన పనుల జాబితా ఎప్పుడూ చేతిలో ఉండాలి. రోడ్లు, కాలువలు, బడుల మరమ్మతులైతే ఇంకా నయం, భూమితో పేచీ ఉండదు.

ఖాళీలూ నిరుద్యోగులూ రెండూ ఎక్కువగా ఉంటేనే, అంటే పనులున్నా నైపుణ్యమో ఊరో కుదరకపోతేనే, శిక్షణ, ఊరు మారడానికి ఖర్చులు ఇవ్వండి. కోర్సును ఉన్న ఖాళీకి ముడిపెట్టకపోతే సర్టిఫికెట్లే మిగులుతాయి.

ఇంకా మిగిలినవాళ్లకు ఉపాధి హామీ. కూలి కనీస వేతనం దగ్గరే ఉంచండి. బాగా పెంచితే ఉన్న పనులు వదిలి వస్తారు. చెల్లింపు ఆలస్యమైతే జనం రావడం మానేస్తారు, రికార్డుల్లో మాత్రం 'పని అడిగేవాళ్లు లేరు' అని కనిపిస్తుంది.