పాత కారుకు కొత్త నిబంధనలు: సమస్య - పరిష్కారం

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వేపచెట్టు నీడన గుడ్డ కప్పి నిలిపిన అంబాసిడర్లు, పద్మినీలు, తొలితరం మారుతీ 800లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని కాపాడుకొంటున్న వారిని ఇంజను కన్నా కాగితాలే ఎక్కువ దిగులు పెడుతున్నాయి. నిబంధన మారిందన్న ప్రతి వార్తకూ కంగారు పడకుండా, మన బండి 15, 20, 50 ఏళ్ల గీతల్లో దేనిని దాటిందో ముందు చూసుకొంటే చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి.

సమస్య: 15 ఏళ్లు నిండాయి, తుక్కుకు ఇవ్వాల్సిందేనని అంటున్నారు.

పాత పెట్రోలు, డీజిలు బండ్లపై ఢిల్లీ పరిసర ప్రాంతానికి విధించిన ఆంక్షలను దేశమంతటికీ చెందినవిగా అనుకోవడమే ఈ భయానికి కారణం. 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరించకూడదన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి ఉన్నమాట నిజమే గాని, అది ప్రభుత్వ వాహనాలకు సంబంధించినది. మన సొంత కారు ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే రిజిస్ట్రేషన్‌ను ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. అసలు బరువు రుసుముది. 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5,000 రూపాయలు ఉండగా, 2025 ఆగస్టులో కేంద్రం చేసిన సవరణతో 20 ఏళ్లు దాటిన కారుకు అది 10,000 రూపాయలైంది. హరిత పన్ను దీనికి అదనం.

సమస్య: ఆర్‌సీ చనిపోయిన తండ్రి పేరున ఉంది, గడువు కూడా తీరిపోయింది.

మా నాన్నగారి పద్మినీ విషయంలో నేను చేసిన తప్పు ఇదే. బండి తిరగడం లేదు కదా, కాగితాలకు తొందరేమిటని ఊరుకున్నాను. పునరుద్ధరణ ఆలస్యమైన ప్రతి నెలకూ కారుకు 500 రూపాయల అదనపు రుసుము పడుతుంది కాబట్టి, మూడేళ్లు ఉపేక్షిస్తే అదొక్కటే 18,000 రూపాయలవుతుంది. యజమాని మరణించిన 30 రోజుల్లో వారసులు రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. పాత కాగితపు ఆర్‌సీ పుస్తకాన్ని ప్రాణంగా దాచుకోండి. వివరాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే మొదట చూపవలసినది అదే. ఏపీ 22, ఏపీ 24 వంటి పాత నంబర్లను టీజీగా మార్చుకోవలసిన పని లేదు.

సమస్య: చాసిస్ నంబరు సరిగా కనబడడం లేదని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తిప్పి పంపారు.

ఏళ్ల తరబడి వేసిన రంగు, తుప్పు ఆ అంకెలను పూడ్చేస్తాయి. గ్రైండర్ పెట్టనివ్వకండి, అంకె అరిగిపోతే అనుమానం బండి మీదికే వస్తుంది. థిన్నరులో తడిపిన గుడ్డను కాసేపు దానిపై ఉంచి, మెత్తబడిన రంగును పాత పళ్ల బ్రష్‌తో మెల్లగా తీసి, పలుచని కాగితం పరచి పెన్సిలు ముక్కను పడుకోబెట్టి రుద్దితే అంకెలు ఒక్కొక్కటిగా తేలుతాయి. ఆ అచ్చును ఆర్‌సీతో సరిపోల్చుకొన్నాకే కార్యాలయానికి వెళ్లండి.

సమస్య: పొల్యూషన్ పరీక్షలో ఫెయిల్ అవుతోంది.

మొదట యంత్రంలో ఏ తరగతి ఎంచుకొన్నారో అడగండి. బీఎస్-2కు (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో రెండో దశకు) ముందటి నాలుగు చక్రాల పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాకా అనుమతి ఉంది. కొత్త బండ్ల కొలతతో చూస్తే ఆ కాలపు అంబాసిడర్ నెగ్గడం కష్టం. తరగతి సరిగానే ఉంటే ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, కార్బురేటర్ ట్యూనింగ్ చూపించి, ఇంజను బాగా వేడెక్కాక మళ్లీ పరీక్షకు పెట్టాలి.

సమస్య: 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలా, వద్దా?

2021 జులైలో వచ్చిన నియమాల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికే ఈ అర్హత ఉంటుంది. మైలేజీ కోసం పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను బిగించిన అంబాసిడర్లు మన వైపు చాలానే ఉన్నాయి. వాటికి ఈ దారి మూసుకుపోయినట్లే. ఇంకా మార్చని వారు దయచేసి మార్చవద్దు. దరఖాస్తు ఫారం 20తో చేయాలి. రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు, తరువాత పొడిగింపునకు 5,000 రూపాయలు. ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరును ఉంచుకోవచ్చు. థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో 50 శాతం రాయితీ కూడా ఉంది. అయితే ఆ తరువాత బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు, ఇంధనం పోయించుకోవడానికి తప్ప రోజువారీగా నడపకూడదు, కిరాయికి అసలే తిప్పకూడదు. ఆదివారాలు కుటుంబంతో యాదగిరిగుట్టకో, నాగార్జునసాగర్‌కో వెళ్లి వచ్చేవారు మామూలు పునరుద్ధరణలోనే ఉండడం మంచిదని నా అభిప్రాయం.

సమస్య: బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన, నెలల తరువాత స్టార్ట్ చేస్తే మొరాయింపు.

బంకులో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రంను ఉబ్బించి పగులుస్తుంది, గాలిలోని తేమను పీల్చి ట్యాంకులో తుప్పు పట్టిస్తుంది. పైపును వేళ్ల మధ్య నొక్కినప్పుడు జిగురుగా తగిలినా, వంచితే సన్నని పగుళ్లు కనిపించినా వెంటనే ఇథనాల్‌ను తట్టుకొనే రకంతో మార్పించాలి. ఎక్కువ కాలం నిలిపే ముందు ట్యాంకు, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయించాలి.