ఊరి పుట్టినరోజు సరదాగా జరపడం ఎలా? (స్టేజీ, శాలువాలు లేకుండా)

ఊరికి పుట్టినరోజు చేద్దాం అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది షామియానా, తర్వాత ముఖ్య అతిథి, ఆ తర్వాత ఆయన రెండు గంటలు లేటుగా రావడం. పిల్లలు ఎండలో కుర్చీల్లో, పెద్దలు మైకు ముందు, మిగతా ఊరంతా ఇళ్లలో టీవీ ముందు. నగరంలో పెద్ద ఉత్సవాలకి ఆ పద్ధతి సరిపోతుందేమో గానీ భీమిలి లాంటి చిన్న ఊరికి, లేదా ఒకప్పుడు విడి ఊళ్లుగా ఉండి ఇప్పుడు విశాఖలో కలిసిపోయి వార్డు నంబర్లుగా మారిపోయిన చోట్లకి అస్సలు నప్పదు. ఇక్కడ చెప్పేది వేరే దారి. చూసేవాళ్లు తక్కువ, ఆడేవాళ్లు ఎక్కువ. కొత్త కార్యక్రమాల కోసం ఏటా బుర్ర బద్దలు కొట్టుకోకుండా, అవే నాలుగు తిక్క పనులు ప్రతి ఏడూ చేయడం.

ముందు తేదీ తేల్చుకోండి

ఊరు ఎప్పుడు పుట్టిందో ఎవరికి తెలుసండీ అని మొదటి మీటింగులోనే ఎవరో ఒకరు అంటారు. నిజమే, ఎవరికీ తెలీదు. అందుకే కాగితం మీద ఉన్నదాన్ని పట్టుకోండి. భీమిలివాళ్లకి 1861 ఉంది, మున్సిపాలిటీ ఏర్పడిన ఏడాది, దేశంలోనే బాగా పాత మున్సిపాలిటీల్లో అదొకటి, ఆ లెక్కన 2036లో 175 ఏళ్లు నిండుతాయి. విశాఖ కూడా కార్పొరేషన్ అయింది 1979లో. మీ ఊరికి మున్సిపాలిటీ చరిత్ర లేకపోతే బడి శిలాఫలకం చూడండి, గ్రంథాలయం, రైల్వే స్టేషన్, పోస్టాఫీసు, ఏదో ఒకదాని మీద తేదీ ఉంటుంది. ఏమీ దొరక్కపోతే అందరూ కూర్చుని ఒక తేదీ ఒప్పుకోండి, కాకపోతే అది మనం ఒప్పుకున్న తేదీ అని బ్యానర్ మీదే రాసేయండి. ఏ రాజుగారో వేటకొచ్చి ఇక్కడ ఆగారు అని కథ అల్లితే పదేళ్లలో అదే చరిత్రయి కూర్చుంటుంది.

అసలు తేదీ కన్నా సీజన్ ముఖ్యం. అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల నెలలు, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. మేలో ఉక్కపోతకి ఎవరూ బయటికి రారు. సంక్రాంతికి సగం మంది అత్తారింట్లోనో సొంతూర్లోనో ఉంటారు. మార్గశిర గురువారాలు కనకమహాలక్ష్మి అమ్మవారివి, ఆ రోజు పెట్టారంటే ముగ్గు వేయడానికి మనిషి దొరకదు. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు పెడితే బందోబస్తుకి పోలీసులు దొరకరు. అన్నీ తీసేస్తే జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మిగులుతుంది, పిల్లలకి పరీక్షల టెన్షన్ ఇంకా మొదలవ్వదు, గాలి బాగుంటుంది. జాలరిపేట ఉన్న ఊరైతే ఇంకో దారి కూడా ఉంది: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వాటి మీద పనిచేసే మగాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఆటలు సాయంత్రం నాలుగున్నర తర్వాత మొదలుపెడితే ఎండ బాధ తప్పుతుంది. అసలు తేదీ తుపాను నెలలో పడితే ఆ రోజు ఒక దీపం పెట్టి ఊరుకోండి, సంబరం మంచి నెలలో చేసుకోండి. ఊరేం అలగదు.

అనుమతులు, డబ్బులు

రోడ్డు కాసేపు మూయాలన్నా, మైకు పెట్టాలన్నా పోలీస్ స్టేషన్లో అర్జీ ఇవ్వాలి, వార్డు ఆఫీసులో ఒక కాపీ. కనీసం రెండు వారాల ముందు ఇవ్వండి. రాత్రి 10 దాటితే మైకు కుదరదు, అది దేశమంతా ఉన్న రూలే. బీచ్‌లో చేస్తే చీకటి పడకముందే సర్దేయండి, ఎందుకంటే జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు వస్తాయి, ఫ్లడ్ లైట్లు, చలిమంటలు చూస్తే వెనక్కి పోతాయి. నీళ్లలో పోటీలు మాత్రం ఎవరు ఎంత బతిమాలినా పెట్టకండి, మన కెరటాలు లోపలికి లాగేస్తాయి.

చందా ఇంటికి ఇంత అని నిర్ణయించకండి. ఇచ్చినవాళ్లు ఇచ్చినంత, రశీదు మాత్రం తప్పనిసరి. ఒకే వ్యాపారి లక్ష ఇస్తానంటే సంతోషించకండి, మరుసటేడు ఊరి పేరు కన్నా ఆయన ఫొటో పెద్దదవుతుంది.

ముగ్గుతో ఊరి పటం

ఒక్కటే చేయగలం అనుకుంటే ఇది చేయండి. మెయిన్ రోడ్డు మీద ఊరి పటాన్ని పెద్ద ముగ్గుగా వేసి, ఎవరి ఇల్లు వాళ్లు గీసుకోవడం.

ముందురోజు సాయంత్రం ఫోన్‌లో మ్యాప్ తెరిచి ప్రింట్ తీయించండి. దాని మీద గళ్లు గీయండి, రోడ్డు మీద అదే లెక్కలో అడుగులు కొలిచి సుద్దతో పెద్ద గళ్లు గీయండి, ఒక్కో గడిలో ఏముందో అది ఇక్కడికి ఎక్కించడమే. ముందు సముద్రం లేదా కొండ, తర్వాత పెద్ద రోడ్డు, గుడి, మసీదు, చర్చి, బడి, చెరువు ఉంటే చెరువు. సందులన్నీ వేయకండి, వాటిని జనానికి వదిలేయండి. అసలు సరదా అక్కడే ఉంది. మా సందు ఇటు తిరుగుతుంది అని ఒకరు, కాదు అటు అని ఇంకొకరు, ఆఖరికి ఒక ముసలాయన వచ్చి అసలు అక్కడ సందే లేదురా, అదంతా జీడితోట అని తేల్చేదాకా నడుస్తుంది. ఆ మాటలు ఎవరో ఒకరు ఫోన్‌లో రికార్డు చేయాలి. ఏ రికార్డులోనూ దొరకని చరిత్ర ఆ గంటలో బయటికొస్తుంది.

తెల్లవారుజామున 5కే మొదలుపెట్టండి. ఎండెక్కాక సముద్రం గాలి అందుకుంటుంది, ముగ్గంతా పక్క వీధిలో పడుతుంది. కళ్లాపి చల్లి తడి ఆరకముందే వేస్తే పిండి రోడ్డుకి పట్టుకుంటుంది. బియ్యప్పిండి అయితే పిచ్చుకలకి, చీమలకి పండగ, మామూలు ముగ్గురాయి పొడి చవక, రెండూ కలుపుకోవచ్చు. మగవాళ్లకి ముగ్గు రాదు అనే సాకు ఒప్పుకోకండి, ఇల్లంటే ఒక చతురస్రం, దాని మీద ఒక త్రిభుజం, అంతే. అద్దెకుండేవాళ్లని, మొన్న మొన్న అపార్టుమెంట్లలోకి వచ్చినవాళ్లని ఇంటికెళ్లి మరీ పిలవండి. ఊరి పటంలో సొంత చేత్తో గీసిన గడి ఉంటే వచ్చే ఏడు పిలవక్కర్లేదు.

తాడు లాగుడు, కోడళ్లు ఒకవైపు ఆడపడుచులు ఒకవైపు

జట్లు ఎలా చేస్తారన్నదాని మీదే అంతా ఉంది. వీధికో జట్టు అంటే వినడానికి బాగుంటుంది గానీ మన ఊళ్లలో చాలాచోట్ల వీధులంటే కులాలే, సరదాగా మొదలైంది సరదాగా అవ్వదు. అందుకని వేరేలా విడగొట్టండి. ఈ ఊళ్లో పుట్టిన ఆడపడుచులు ఒకవైపు, ఈ ఊరికి కాపురానికి వచ్చిన కోడళ్లు ఒకవైపు. మగవాళ్లలో ఊరి అల్లుళ్లు ఒక జట్టు, బావమరుదులు ఒక జట్టు. ఈ పోటీకి ప్రచారం అక్కర్లేదు, వారం ముందు నుంచే ఇళ్లలో సవాళ్లు మొదలవుతాయి. ఓడిన జట్టు ఆ సాయంత్రం గెలిచినవాళ్లకి టీ కాచి ఇవ్వాలి, అత్తగారైనా సరే.

తాడు జాలర్ల దగ్గర అడగండి, వలలు లాగే లావుపాటి తాడు దొరుకుతుంది. సన్నటి నైలాన్ తాడు వద్దు, అరచేతులు ఒలుచుకుపోతాయి. చేతికిగానీ నడుముకిగానీ తాడు చుట్టుకోవడం ఎవరికీ ఒప్పుకోకండి, చివర నిలబడే బరువైన మనిషికి కూడా. వేళ్లు పోయిన సందర్భాలు ఉన్నాయి, ఇది మాత్రం నవ్వులాట కాదు. తారు రోడ్డు మీద కాకుండా ఇసుకలో ఆడించండి, చెప్పులు విప్పించండి. ఈలకి ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరు ఏ ఇంటికీ చుట్టం కాని బడి మాస్టారైతే మేలు.

కేకు బదులు బెల్లం దిమ్మ

అనకాపల్లి పక్కనే పెట్టుకుని ఊరి పుట్టినరోజుకి క్రీము కేకు కోయడం ఏంటో నాకు అర్థం కాదు. మార్కెట్లో ఒక పెద్ద బెల్లం దిమ్మ తెప్పించండి. మరీ పసుపుపచ్చగా మెరిసేది తీసుకోకండి, దానికి రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, ముదురు రంగుదే రుచి. శుభ్రమైన గుడ్డ పరిచి దాని మీద అరిటాకు, అరిటాకు మీద దిమ్మ. మొదటి దెబ్బ ఊళ్లో అందరికన్నా పెద్దావిడ, రెండోది ఆ ఏడు బళ్లో చేరినవాళ్లలో అందరికన్నా చిన్న బిడ్డ, ఇద్దరికీ రోకలి పట్టుకోవడానికి సాయం కావాలి, ఒకరు కన్నా ఇద్దరు ఉంటే మంచిది. పగిలిన ముక్కల్ని వేయించిన పల్లీలు, మరమరాలతో కలిపి ఆకు దొన్నెల్లో పంచండి. షుగర్ ఉన్నవాళ్లు ముక్క చిన్నదే అంటూ రెండోసారి లైన్లో నిలబడతారు, వాళ్ల ఇంట్లోవాళ్లని పంపిణీ దగ్గర నిలబెడితే ఆ సమస్య తీరిపోతుంది.

బిరుదులు

ఊళ్లో శాలువాలు కప్పించుకోని మనుషులకి బిరుదులివ్వండి. ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నా అని గంటకొచ్చే ఆటో అన్నకి ఒకటి, అరుగు మీద కూర్చుని ఊరందరి రాకపోకలు లెక్కపెట్టే మామ్మకి ఒకటి, అడక్కపోయినా దారి చెప్పే టీ కొట్టు బాబాయికి ఒకటి. అట్ట మీద రాసి మెడలో వేస్తే చాలు. ముందురోజు వెళ్లి వాళ్లని అడగండి, వద్దంటే వదిలేయండి. రంగు, లావు, పెళ్లి, పిల్లలు, తాగుడు, ఈ ఐదింటి మీద బిరుదు వద్దు.

వీలుంటే తప్పెటగుళ్ల బృందాన్ని పిలవండి. స్టేజీ ఎక్కించకండి, వాళ్లది వీధిలో గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట, చుట్టూ జనం ఉంటేనే ఊపొస్తుంది. డబ్బు ముందే మాట్లాడుకోండి, ఆట అయిన వెంటనే ఇచ్చేయండి, భోజనం పెట్టండి. నెమ్మది సైకిల్ పోటీ కూడా ఖర్చు లేనిదే: 20 మీటర్ల గీత, కాలు నేల మీద పెట్టినవాడు అవుట్, ఆఖరున చేరినవాడు విజేత.

సర్దడం

సాయంత్రం చివర్లో అందరూ ఒకేచోట ఫొటో. భీమిలి అయితే గడియారం స్తంభం ముందు, మీ ఊళ్లో రావిచెట్టో బస్టాపో. ఏటా అదే చోటు, అదే వైపు, ముందు వరసలో పిల్లలు. ముగ్గు పటానికి పొద్దున్నే మేడ మీద నుంచి ఒక ఫొటో తీసి ఉంచుకోండి, వచ్చే ఏడు సందుల గొడవకి సాక్ష్యంగా పనికొస్తుంది.

చెత్త ఆ రాత్రే ఎత్తేయాలి, బిరుదుల అట్టలతో సహా. జమాఖర్చు మూడు రోజుల్లోపు టీ కొట్టు గోడకి అంటించండి, మిగిలింది ఎంతైనా సరే రాయండి. తాడుకి ఉప్పునీళ్లు తగిలి ఉంటే మంచినీళ్లలో కడిగి నీడన ఆరబెట్టి, తెచ్చిన ఇంటికే తిరిగిచ్చేయండి, చేత్తో కాసిన్ని బెల్లం ముక్కలు కూడా.