బరోక్ చెక్కపనిని చదవడం – నాలుగో పాఠం: బంగారు పూత కింద పొరలు

గత పాఠంలో వస్తువును వెనక్కి తిప్పి కలపను, రంపపు గీతలను, అతుకులను పరిశీలించాం. ఈ పాఠంలో ముందువైపుకు వద్దాం. బరోక్ అనే ఆడంబరమైన కళాశైలి వెలిగిన 17వ శతాబ్దంలో ఇటలీ, స్పెయిన్, దక్షిణ జర్మనీ చర్చిలకోసం తయారైన దేవదూతల బొమ్మలు, కొవ్వొత్తి స్తంభాలు, బలిపీఠపు చట్రాలు చాలావరకు చెక్కతో చేసి బంగారు రేకు అతికించినవే. రోములోని సెయింట్ పీటర్స్ బసిలికాలో శిల్పి బెర్నీని 1624లో మొదలుపెట్టి 1633 నాటికి నిలబెట్టిన కంచు మండపం మెలిక స్తంభాలను యూరప్ అంతటా ప్రసిద్ధం చేసింది. అంత కంచు పోయించే స్తోమత లేని ఊళ్లు అదే రూపాన్ని కలపలో చెక్కించి, దానిమీద బంగారం వేయించుకున్నాయి. అందువల్ల బరోక్ మతపరమైన వస్తువులను గుర్తించాలనుకునేవారు శిల్పశైలితో పాటు ఈ పూతను కూడా చదవగలగాలి. నా అభిప్రాయంలో పూతను చదవడమే ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే శైలిని అనుకరించినంత సులభంగా పొరల వరుసను అనుకరించలేరు.

ముందుగా ఆ వరుసను గుర్తుంచుకోండి. చెక్కిన కలపకు మొదట జంతువుల చర్మంనుంచి తీసిన జిగురును వేడిగా పట్టించేవారు. అతుకులమీద, ముడులమీద సన్నని నారబట్ట ముక్కలు అంటించేవారు. దానిపైన జిగురు కలిపిన తెల్లని పూత, అంటే జెస్సో, పొర మీద పొరగా వేసేవారు. ఇటలీ, స్పెయిన్ దేశాల్లో ఈ తెలుపు సాధారణంగా జిప్సం, ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన సుద్ద. ఈ పొరలు చెక్కడంలోని సన్నని వివరాలను పూడ్చేస్తాయి కాబట్టి, ఆరిన తరువాత పనివాడు చిన్న ఇనుప పనిముట్లతో జెస్సోనే మళ్లీ చెక్కేవాడు. దేవదూత జుట్టులోని పాయలు, ఆకుల ఈనెలు, వస్త్రపు అంచుమీది సన్నని అల్లిక చాలా సందర్భాల్లో కలపలో కాక ఈ తెల్లని పొరలోనే ఉంటాయి. తరువాతి కాలంలో ఎవరైనా మందంగా మళ్లీ పూత వేయిస్తే మొదట మాయమయ్యేవి ఈ గీతలే. ముక్కు, పెదవుల అంచులు మొద్దుబారి, జుట్టు పాయలు ముద్దగా కనిపించే బొమ్మను చూసినప్పుడు శిల్పి చేతగానివాడని తొందరపడి తేల్చకండి.

జెస్సోమీద బోల్ అనే మెత్తని బంకమట్టిని జిగురుతో కలిపి పూసేవారు. ఇది ఎక్కువగా ఎరుపు. లోతైన సందుల్లో, రేకు సరిగా పడని చోట్ల లోపం కనబడకుండా పసుపు వాడేవారు. ఆ మట్టిని నీటితో తడిపితే అందులోని జిగురు మెత్తబడుతుంది. ఉడుత వెంట్రుకల కుంచెతో ఎత్తిన రేకును ఆ తడి తనలోకి లాక్కుంటుంది. ఇప్పటి రేకు మందం సుమారు మైక్రాన్‌లో పదో వంతు, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. పాత రేకులు ఇంతకంటే కొంత మందం. పూర్తిగా ఆరకముందే అగేట్ అనే నున్నని గట్టి రాయితో రుద్ది మెరుగు పెడితే లోహపు దిమ్మెలా మెరుస్తుంది. నూనె జిగురుతో అతికించిన రేకుకు ఇలా మెరుగు పెట్టడం కుదరదు. అది మందకొడి మెరుపుతోనే ఉంటుంది. ఒకే బొమ్మలో మోకాలి మడత అద్దంలా మెరుస్తూ, పక్కనున్న వస్త్రం మసక బంగారంగా ఉంటే, పనివాడు ఆ తేడాను ఉద్దేశపూర్వకంగా ఉంచాడని అర్థం.

ఇక చూడవలసిన చోటు అరిగిన చోటే. మెరిసే భాగం మిమ్మల్ని ఆకర్షిస్తుంది, అరిగిన భాగం సాక్ష్యం ఇస్తుంది. చేతులు, దుమ్ము తుడిచే గుడ్డలు తగిలే ఎత్తైన అంచుల దగ్గర బంగారం పలచబడి ఎర్రమట్టి కనిపించాలి, ఇంకా అరిగితే తెల్లని జెస్సో, చివరికి కలప కనిపించాలి. చేతికి అందని లోతుల్లో కూడా ఎరుపు అంతే సమానంగా తేలి ఉంటే, పాతగా కనిపించాలని ఎవరో రుద్దారని అనుమానించవచ్చు. పదిరెట్ల భూతద్దంతో చదునైన భాగాన్ని చూస్తే రేకు రేకుమీద ఎక్కిన సన్నని చారలు చతురస్రాల వరుసలా కనబడతాయి. ఇత్తడి పొడి కలిపిన రంగులో ఈ చారలు ఉండవు. భూతద్దం కింద అది విడివిడి రేణువులుగా కనిపిస్తుంది, కాలక్రమంలో గోధుమరంగుకో ఆకుపచ్చకో తిరుగుతుంది. ఇటలీలో వెండి రేకుమీద పసుపు వార్నిష్ పూసి బంగారంలా చూపించిన పని కూడా విస్తారంగా ఉంది. వార్నిష్ పోయిన చోట వెండి నల్లబడుతుంది కనుక, అరిగిన అంచు ఎర్రగా కాక బూడిదరంగులో, నల్లగా ఉంటే ఈ పద్ధతిని గుర్తుకు తెచ్చుకోండి. ఇది మోసం కాదు, అప్పటి గౌరవనీయమైన పద్ధతి.

స్పెయిన్ పని మరింత శ్రద్ధగా చూడదగినది. అక్కడ చెక్కే శిల్పి, రంగు వేసే చిత్రకారుడు వేర్వేరు వృత్తిసంఘాలవారు. సెవిల్ కెథెడ్రల్‌లోని ‘కరుణామూర్తి క్రీస్తు’ శిల్పానికి 1603లో ఒప్పందం కుదిరింది. చెక్కినది హువాన్ మార్తీనెస్ మోంతాన్యేస్, రంగులు వేసినది ఫ్రాన్సిస్కో పచేకో. ఆ కాలపు సాధువుల బొమ్మల వస్త్రాలమీద బంగారు రేకు వేసి, దానిపై రంగు పూసి, ఆ రంగును మొనతో గీకి కింది బంగారాన్ని తీగలుగా, పువ్వులుగా బయటికి తెచ్చేవారు; ఈ పద్ధతి పేరు ఎస్తోఫాదో. భూతద్దంతో చూసినప్పుడు గీత అంచున రంగు తెగి, గీత అడుగున బంగారం కనిపించాలి. రంగుమీద బంగారు గీత గీసి ఉంటే అది వేరే పని.

పరిశీలనలో ఒక నియమం తప్పకుండా పాటించండి: తడి గుడ్డ వాడకండి. రేకును పట్టి ఉంచినది నీటిలో కరిగే జిగురు కాబట్టి, ఒక్కసారి తుడిస్తే మూడు శతాబ్దాలు నిలిచిన మెరుగు గుడ్డకు అంటుకుపోతుంది. పూత లేస్తున్నట్లు కనిపిస్తే మెత్తని కుంచెతో కూడా ముట్టుకోక, పాత కళావస్తువులను బాగుచేసే పరిరక్షకులకు చూపించండి. గీకి చూడటం, ఆమ్లం చుక్క వేయడం మన పాఠంలో లేవు.

అభ్యాసానికి దూరం వెళ్లనక్కరలేదు. పాత గోవాలోని బోమ్ జీసస్ బసిలికా నిర్మాణం 1605లో పూర్తయింది. దాని ప్రధాన బలిపీఠం బంగారు పూత వేసిన చెక్కపనికి మన దేశంలో చూడగలిగే గొప్ప ఉదాహరణ. అక్కడ దూరం నుంచే చూడాలి కాబట్టి మెరుగు పెట్టిన భాగాలను, మసక భాగాలను విడదీసి గుర్తించడం సాధన చేయండి. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ ఫర్నిచర్ ఉన్న గదుల్లో అంచుల అరుగుదలను పరిశీలించండి. ఇంట్లో పాత పూత చట్రం ఏదైనా ఉంటే టార్చిని పక్కనుంచి వాలుగా వేసి చూస్తూ, కాగితంమీద దాని రూపురేఖ గీసి ఎరుపు, తెలుపు, నలుపు కనిపించిన చోట్లను మూడు రంగుల పెన్సిళ్లతో గుర్తించండి. ఆ బొమ్మను దాచుకోండి. వచ్చే పాఠంలో పుచ్చు రంధ్రాలను, మేకులను అదే కాగితంమీద గుర్తిస్తాం.