ఇంట్లో ఉన్న సరుకుతో మిల్క్ స్టౌట్ తయారుచేయడం ఎలా?

మిల్క్ స్టౌట్‌లో పాలు ఉండవు. నల్లగా వేయించిన ధాన్యంతో చేసే స్టౌట్ బీరుకు పాల నుంచి తీసిన చక్కెర, అంటే లాక్టోజు, కలిపితే వచ్చేదే ఇది. 20వ శతాబ్దపు తొలి పదేళ్లలో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, హైత్ పట్టణానికి చెందిన మాకెసన్ సంస్థ దీనికి పేరు తెచ్చింది. ఈస్టు మాల్టులోని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని) చక్కెరలను తిని ఆల్కహాలుగా మారుస్తుంది గాని, లాక్టోజును విడగొట్టే శక్తి దానికి లేదు కనుక ఆ చక్కెర చివరిదాకా మిగిలి, వేపుడు చేదును మెత్తబరిచి, బీరుకు చిక్కదనాన్ని ఇస్తుంది. అందువల్ల ఇతర సరుకుల్లో ఎన్ని సర్దుబాట్లయినా చేసుకోవచ్చు, లాక్టోజుకు మాత్రం బదులు లేదు. పంచదారో తేనెనో వేస్తే ఈస్టు దాన్ని తినేసి బీరును పలుచన చేస్తుంది. పాలపొడి వేస్తే అందులోని కొవ్వు నురగను నిలవనివ్వదు.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో 1978లో వచ్చిన ఫెడరల్ చట్టం సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడాన్ని అనుమతించింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి పరిమితి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకం కూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కనుక ఈ పద్ధతి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవారికే.

పది లీటర్ల బీరుకు 1.2 కిలోల లేత రంగు ఎండు మాల్టు ఎక్స్‌ట్రాక్టు (మాల్టు సారాన్ని ఎండబెట్టిన పొడి), వేయించిన బార్లీ, చాక్లెట్ మాల్టు (ముదురుగా వేయించిన మాల్టు), క్రిస్టల్ మాల్టు (పాకం రుచినిచ్చే మాల్టు) ఒక్కొక్కటి 150 గ్రాములు, లాక్టోజు 250 గ్రాములు, హాప్స్ (బీరుకు చేదునిచ్చే ఒక తీగ పూలు), ఒక ప్యాకెట్ ఏల్ ఈస్టు (స్టౌట్ లాంటి బీర్లకు వాడే రకం) కావాలి. వేయించిన బార్లీ లేకపోతే చాక్లెట్ మాల్టును రెట్టింపు చేయండి. చేదు కొంత తగ్గినా రంగు, రుచి బాగానే వస్తాయి. హాప్స్ ఏ రకమైనా ఫరవాలేదు, ఎందుకంటే ఇక్కడ వాటి పని చేదునివ్వడమే. ప్యాకెట్ మీదుండే ఆల్ఫా ఆమ్లం (చేదుకు మూలమైన పదార్థం) శాతాన్ని గ్రాములతో గుణిస్తే 120 రావాలి: 6 శాతమైతే 20 గ్రాములు, 12 శాతమైతే 10 గ్రాములు. పొదుపు పనికిరానిది ఈస్టు దగ్గరే. ఎప్పుడో తెరిచి వదిలేసిన ప్యాకెట్‌ను నమ్ముకోకండి.

ధాన్యాలను బరకగా నలగ్గొట్టి పలుచని గుడ్డలో వదులుగా మూటకట్టి, మూడు లీటర్ల నీటిలో 65–70 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట నానబెట్టండి. నీళ్లు చిక్కని కాఫీ డికాక్షన్ రంగుకు వస్తాయి. వేడి 75 డిగ్రీలు దాటినా, మూటను గట్టిగా పిండినా పొట్టులోని వగరు దిగే అవకాశం ఉంది కనుక మూటను పైకెత్తి దానంతట అదే కారనివ్వాలి.

ఇప్పుడు మరో నాలుగు లీటర్ల నీరు పోసి, పొయ్యి ఆర్పి, మాల్టు పొడిని కొద్దికొద్దిగా కలపండి. ఆవిరి తగలగానే ఆ పొడి ముద్దకట్టి గరిటెకు అంటుకుంటుంది. మంట మీదే గుమ్మరిస్తే అడుగంటి మాడుతుంది. అంతా కరిగాక మళ్లీ వెలిగించి, మరగడం మొదలైన తొలి నిమిషాల్లో పక్కనే నిలబడండి, గిన్నె పొంగేది అప్పుడే. నురగ అణగగానే హాప్స్ వేసి గంటసేపు మరిగించి, చివరి పది నిమిషాల్లో లాక్టోజు కలపండి.

దించిన గిన్నెను మంచునీళ్ల తొట్టిలో పెట్టి త్వరగా చల్లార్చి, కాచి చల్లార్చిన నీటితో పది లీటర్లకు సరిచేయండి. హైడ్రోమీటరు (ద్రవం సాంద్రతను కొలిచే సాధనం) 1.056 దరిదాపుల్లో చూపాలి. ఇక్కడి నుంచి బీరును తాకే ప్రతి వస్తువునూ శానిటైజ్ చేయాల్సిందే. ఈ జాగ్రత్త ఏ బీరుకైనా అవసరమే గాని, ఈస్టు ముట్టని లాక్టోజును కొన్ని బ్యాక్టీరియాలు ఇష్టంగా తింటాయి కనుక మిల్క్ స్టౌట్‌లో ఏమరుపాటుకు శిక్ష ఎక్కువ: పులుపెక్కిన బీరు, ఒక్కోసారి పగిలే సీసాలు.

చల్లారిన ద్రవాన్ని పులియబెట్టే పాత్రలో పోసి బాగా కుదిపి, 20 డిగ్రీల వద్ద ఈస్టు చల్లి, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును వదిలి, బయటి గాలిని రానివ్వని మూత) బిగించి, 18–20 డిగ్రీల చోట రెండు వారాలు ఉంచండి. కొత్తవారు కంగారుపడేది ఈ దశ చివర్లోనే. మామూలు స్టౌట్‌లా హైడ్రోమీటరు రీడింగు 1.012కో 1.014కో దిగదు, 1.020 దగ్గర ఆగిపోతుంది. ఈస్టు చచ్చిపోయిందనుకుని మరో ప్యాకెట్ వేయడం వృథా, ఆ మిగులు చాలావరకు లాక్టోజే. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా అదే అంకె వస్తే పులియడం ముగిసినట్టే. ఆల్కహాలు 4.7 శాతం దాకా ఉంటుంది.

సీసాల్లో గ్యాసు కోసం 50 గ్రాముల పంచదారను కొద్ది నీటిలో మరిగించి, చల్లార్చి, బీరులో మెల్లగా కలిపి నింపండి. దీన్ని కళ్లకొలతగా కాక తూకం వేసే కలపాలి. బీరు కోసం చేసిన మందపు గాజు సీసాలే వాడి, మూతలు బిగించి, రెండు వారాలు గది వేడిలో ఉంచాక ఫ్రిజ్‌లో పెట్టండి. తాగే ముందు కాసేపు బయట ఉంచి పది పన్నెండు డిగ్రీలకు రానిస్తే వేపుడు వాసన బాగా తెలుస్తుంది. పాలు అరగని అతిథులకు, పాల పదార్థాలు ముట్టనివారికి ఇందులో ఏముందో గ్లాసు అందించకముందే చెప్పండి.